ఎఱ్ఱచీటీ పుచ్చుకొన్న పిల్ల

జపానీయ ప్రణయ చిత్రకథ యొకటి తొలుదొలుత టెలివిజనులోనికి వచ్చిన వృత్తాంతమును శుక్రవారము సాయంకాలములోగా ముఖచిత్రకథగా వ్రాసి యీయవలసినదని సంపాదకులు సెలవిచ్చినప్పుడు, ధనికుని కుమారుడు పేదపిల్లను వలచుట యను నితివృత్తమును గూర్చి, యద్దనపూడి సులోచనారాణి నవలలను చేతులు మార్చుకొని చదివిన మా విజయనగరము వారికి క్రొత్తగా చెప్పవలసిన దేమున్నదని నాకు తోచినది. ఆ యనుమానము నన్నింకను పూర్తిగా విడువలేదు.

పూర్వకథ క్లుప్తముగా ఇది. యోకో కామియో రచించిన 'హనా యోరి డాంగో' అను ఆ చిత్రకథ 1992లో 'మార్గరెట్' పత్రికలో ఆరంభమై 2003 దాకా సాగెను. 1995లో జపానులో చలనచిత్రమై, 1996లో యానిమేషను ధారావాహికయై, తుదకు నటీనటులతో కూడిన తొలి టెలివిజను ధారావాహికగా జపానులో గాక తైవానులో, 2001 ఏప్రిల్ 12న, సి.టి.ఎస్. ఛానలులో 'మీటియర్ గార్డెన్' అను పేర వెలువడినది. నిర్మాత ఏంజీ ఛాయ్. దర్శకుడు త్సాయ్ యువె-షున్.

నన్ను పట్టి నిలిపినది ప్రణయము కాదు, ఒక చీటీ. సంపన్నుల బిడ్డలు చదువుకొను విద్యాలయములో ఎఫ్-4 అను నలుగురు యువకులు తమకు గిట్టనివారి పెట్టెకు ఎఱ్ఱచీటీ అంటింతురు. అది మొదలు తక్కిన విద్యార్థులందరును, నిన్నటి దాకా నవ్వుచు పలుకరించినవారితో సహా, ఆ యభాగ్యుని వేటాడుదురు. కొట్టువారి కంటె, చీటీని చూచి నోరు మూసికొని ప్రక్కకు తొలగువారినే యీ కథ నిశితముగా చూపినది. స్నేహితురాలి పక్షమున నోరెత్తినందుకు ఆ చీటీ పుచ్చుకొన్న పేదపిల్ల, కథానాయిక శాన్‌చాయ్ ఏడ్చి యింటికి పోలేదు. నాయకుడైన దావ్ మింగ్ సిని తిరిగి కొట్టినది. ఆ పాత్రను ధరించిన బార్బీ షూ ముఖములో అప్పుడు కనబడు భయమును రోషమును కలసిన భావమునకే ఈ ధారావాహిక ఋణపడియున్నది. అటుపిమ్మట ఆ యువకుని దౌర్జన్యమే క్రమముగా ప్రేమగా చెలామణి యగుట మాత్రము నాకు మ్రింగుడు పడలేదు.

మూలములో ఉన్నత పాఠశాలగా నున్న దానిని తైవాను వారు విశ్వవిద్యాలయముగా మార్చిరి. చిత్రకథ అప్పటికింకను ముగియలేదు గనుక ముగింపును తామే కల్పించుకొనిరి. ఇది అపచారమని శంకించువారికి మా యూరి నిదర్శన మొకటి చూపెదను: 1892లో రంగస్థల మెక్కి 1897లో అచ్చయిన 'కన్యాశుల్కము'ను గురజాడ అప్పారావుగారే 1909 నాటికి దాదాపు క్రొత్త నాటకముగా తిరుగవ్రాసిరి. కర్తయే తన కృతిని అట్లు మార్చగా, మాధ్యమమును దేశమును మారిన కథలో మార్పు చేయువారిని మాత్రమే నిందించుట న్యాయము కాదు.

2002 మార్చిలో చైనా ప్రసార నియంత్రణ సంస్థ, యువజనులను ఇది పెడదారి పట్టించునని, 'మీటియర్ గార్డెన్' ప్రసారమును నిలిపివేయించినది. నిషేధము ఫలించినదా యనిన, దొంగ వీసీడీలు చేతినుండి చేతికి సాగినవి, ఎఫ్-4 నటుల పాటలు వీధివీధిని మ్రోగినవి. సంప్రదాయ రక్షకులు ఏ దేశమువారైనను ఈ లెక్కను ముందుగా వేసికొనక పోవుట నాకు వింతగా నుండును.

మిగిలిన ముచ్చట్లు

నలుగురు యువకులుగా జెర్రీ యాన్, విక్ చౌ, వేనెస్ వూ, కెన్ చూ నటించిరి. నటనానుభవము వారికి స్వల్పము. 2003లో ఫిలిప్పీన్సులోను దీనికి విశేషాదరణ లభించినది. జపాను తన సొంత ధారావాహికను 2005లో గాని తీయలేదు. కొరియా 2009లో తీసినది. నిషేధించిన చైనాలోనే 2018లో హునాన్ టెలివిజను ఏంజీ ఛాయ్ నిర్మాణమున ఈ కథను మరల తీసి ప్రసారము చేసినది. బార్బీ షూ 2025 ఫిబ్రవరి 2న, 48 యేండ్ల వయస్సున, జపానులో మరణించినది. చూడదలచిన పాఠకులు ముందుగా 2001 నాటి రూపమునే చూడుడు; మెఱుగులు దిద్దిన 2018 నాటిది ఆవల చూచినను నష్టము లేదు.