విమానపు టిక్కెట్టు: దాని యసలు వెల

పూర్వము పురుటికి పుట్టింటికి వచ్చునది కూతురు. నేడు అనేక కుటుంబములలో పురుడు పోయుటకై డల్లాసుకో న్యూజెర్సీకో తరలిపోవునది తల్లి. కూతురు నెల తప్పినదన్న శుభవార్త వచ్చినదే తడవుగా ఇంటిలో కారప్పొడులు, మినపసున్నియుండలు, పాతచీరల పొత్తిగుడ్డలు సమకూర్చు సందడి మొదలగును. వానితోపాటు టిక్కెట్టు మాటయు వచ్చును. అయితే ఆ మాట వచ్చినప్పుడు మాత్రము మనము వెనుకకు తగ్గుదుము. కుమారుడో అల్లుడో ఫోనులో చూచి “ఇది యన్నిటికంటె చౌక” యని చెప్పగా తల యూపి యూరకుందుము. పాలవాని లెక్క పైసలతో సరిచూచు గృహిణి, లక్షరూపాయలకు దగ్గరపడు బేరమున మౌనము వహించుట మాకు న్యాయముగా తోచదు. ప్రయాణము చేయునది తానైనప్పుడు ఆ మౌనము మరియు తగదు. కావున ఇంటర్నెట్టులో విమానపు టిక్కెట్టు కొను పద్ధతిని, అందలి మర్మములను మాకు తెలిసినంతవరకు విన్నవించెదము.

వెల యేల మారును?

ఒకే విమానములో ప్రక్కప్రక్కనే కూర్చున్న యిద్దరు వేర్వేరు వెలల నిచ్చియుండవచ్చును. ఇది పొరపాటు కాదు, ఏర్పాటు. విమానసంస్థ ఒకే తరగతిలోని సీట్లను కొన్ని వంతులుగా విభజించి, ఒక్కొక్క వంతునకు ఒక్కొక్క వెల కట్టును. తక్కువ వెలవి అమ్ముడుపోగా హెచ్చు వెలవి తెరచును. అమ్మకము మందగించినచో మరల క్రింది వెలకు దిగుటయు కలదు. కూరలబజారులో ప్రొద్దు గ్రుంకుకొలది వంకాయలు చౌకయగును. మరునాటికి వాడిపోవును గనుక. విమానము లేచిపోయిన పిదప ఖాళీ సీటు సైతము అట్టిదే. అయినను ఇచ్చట కడపటి దినములలో వెల సాధారణముగా పెరుగునే గాని తగ్గదు. ఏలన, కడపట వచ్చువారు వ్యాపారపు తొందర గలవారో, ఇంట ఆపద గలవారో అయియుందురు. వారు ఎంతయైన నిత్తురని సంస్థ యెరుగును.

ఈ విద్య అమెరికాలో పెరిగినది. అచ్చట 1978లో విమానచార్జీలపై ప్రభుత్వపు కట్టడి తొలగెను. 1985లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ సంస్థ ముందుగా కొనువారికి కొన్ని సీట్లను మిక్కిలి తక్కువ వెలకిచ్చి, తక్కినవానిని హెచ్చు వెలకు నిలిపియుంచు లెక్కను కంప్యూటర్ల సాయముతో నడిపెను. మన దేశములో 1953లో జాతీయము చేయబడిన విమానయానము, ఆ చట్టము 1994లో రద్దయిన పిదప ప్రైవేటు సంస్థలకు తెరువబడెను. 2003లో ఎయిర్ డెక్కన్ వచ్చి, సామాన్యులు సైతము విమానమెక్కవచ్చునను ఆశ కల్పించెను.

వెదకు విధము

గూగుల్ ఫ్లైట్స్, స్కైస్కానర్ వంటివి అనేక సంస్థల వెలలను ఒకచోట చూపును. బజారంతయు తిరుగకుండ గుమ్మములోనే నాలుగు దుకాణముల సరకు చూచినట్లుండును. వీనిలో నెలంతటికి దినవారీ వెలలు చూపు పట్టిక కలదు; మొదట దానిని చూడవలెను. ప్రయాణమును రెండు దినములు ముందునకో వెనుకకో జరిపినచో వెల తగ్గుట తరచుగా కన్పట్టును. వారాంతముకంటె మంగళ బుధవారములు పెక్కుసార్లు నయముగా నుండును.

ఋతువును కూడ గమనింపవలెను. డిసెంబరు సెలవులలో ఎల్లెడల వెల హెచ్చు. జూలై చివర, ఆగష్టు మాసములలో మన తెలుగు విద్యార్థులు అమెరికా కళాశాలలకు తరలిపోవుదురు గనుక హైదరాబాదునుండి పోవు విమానములకు గిరాకి పెరుగును. సంక్రాంతికి విజయవాడ, రాజమహేంద్రవరము, విశాఖపట్టణములకు పోవు విమానముల సంగతి చెప్పనక్కరలేదు. “దీపముండగానే యిల్లు చక్కబెట్టుకొనవలె” నన్నట్లు, విదేశయాత్రకు రెండుమూడు నెలల ముందునుండియే వెలలు చూచుచుండుట మేలు. మనము కోరిన దారిని, తేదీని గుర్తుపెట్టి యుంచినచో వెల మారినప్పుడెల్ల కబురు పంపు సౌకర్యమును ఈ సాధనములలో గలదు.

ఒకే టిక్కెట్టును మాటిమాటికి వెదకినచో మనలను గుర్తుపట్టి వెల పెంచుదురని పలువురు చెప్పుదురు. దీనికి గట్టి ఆధారము కానరాదు. మనము చూచి మరల చూచులోపల మరియొకరు కొనుటవలన క్రింది వంతు అయిపోవుటయే పెక్కుసార్లు కారణము. ఫలానివారము అర్ధరాత్రి కొనిన చౌక యనుటయు అట్టిదే.

తగిన వెల దొరకినపిదప ఆ విమానసంస్థ సొంత వెబ్‌సైటును తెరచి అచ్చటి వెలతో పోల్చి చూడుడు. భేదము స్వల్పమైనచో సంస్థవద్దనే కొనుట క్షేమము. మధ్యవర్తి వద్ద కొనిన టిక్కెట్టునకు తేదీ మార్పవలసి వచ్చినచో, సంస్థవారు మధ్యవర్తి నడుగుమందురు, మధ్యవర్తి సంస్థ నడుగుమనును. నడుమ మనము నలిగిపోవుదుము.

చూపు వెల, చెల్లు వెల

తెరమీద మొదట కన్పట్టునది చూపు వెల మాత్రమే. ఒక యూహాలెక్క వేసి చూతము. ఒక టిక్కెట్టు 82,000 రూపాయలు. అందు ఒక పెట్టెకే అనుమతి. రెండవ పెట్టెకు 9,000, సీటు ఎన్నుకొనుటకు 3,000, వెబ్‌సైటువారి రుసుము 1,000. మొత్తము 95,000. వేరొక టిక్కెట్టు 91,000. అందు 23 కిలోల పెట్టెలు రెండు చేరియున్నవి. మొదటిది తొమ్మిదివేలు చౌకయని యెంచినవారు నాలుగువేలు నష్టపడిరి. ఆవకాయ, పొడులు, పసిబిడ్డ గుడ్డలు మోసుకొనిపోవు తల్లికి రెండవ పెట్టె విలాసము కాదు గదా! మన దేశములోని ప్రయాణములకు సామాన్యపు టిక్కెట్టుతో పెట్టె 15 కిలోలు, చేతిసంచి 7 కిలోలు మాత్రమే యనుమతించుట వాడుక. ఇంటివద్దనే తూచుకొని బయలుదేరవలెను.

మనము కోరకయే బీమా, విరాళము మొదలగునవి లెక్కలో చేర్చుట, “రెండే సీట్లున్నవి” యని లేని తొందర పుట్టించుట, రుసుములను చివరివరకు దాచుట, ఇట్టి కపటపద్ధతులను నిషేధించుచు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికారసంస్థ 2023 నవంబరులో మార్గదర్శక సూత్రములు ప్రకటించెను. అయినను సొమ్ము చెల్లించుటకు ముందు ప్రతి గీటును చదువుట మన పని.

చౌకలోని చేటు

మా యెరుకలోని యొక తల్లికి జరిగినది చెప్పెదము. పన్నెండువేలు కలిసివచ్చునని ఆమె కుమారుడు హైదరాబాదునుండి నడుమనున్న యొక దేశమునకు ఒక టిక్కెట్టును, అచ్చటినుండి అమెరికాకు వేరొక సంస్థలో మరియొక టిక్కెట్టును కొనెను. మొదటి విమానము నాలుగు గంట లాలస్యమాయెను. రెండవ సంస్థకు మొదటిదానితో సంబంధము లేదు. వారి విమానము లేచిపోయెను, సొమ్ము తిరిగి రాలేదు. ఆమె పెట్టెలు వెలుపలి పట్టీమీద తిరుగుచుండెను. వానిని తెచ్చుకొనవలెనన్న ఆ దేశపు గడప దాటవలెను. దాటుటకు వీసా లేదు. ఆ రాత్రియంతయు ఆమె విమానాశ్రయములో కుర్చీమీదనే కూర్చుండెను. మరునాడు కొనిన క్రొత్త టిక్కెట్టు వెల, మిగిలెననుకొన్న సొమ్మునకు ఎన్నో రెట్లయ్యెను. సొమ్ము మాట అటుండనిండు. కూతురికి నొప్పులు మొదలైనవన్న కబురు ఆ కుర్చీలోనే వింటిననియు, బిడ్డ భూమిమీద పడువేళకు తాను దగ్గర లేకపోతిననియు ఆమె చెప్పుచుండగా మాకు కన్నీరాగలేదు. కుమారుని దోషమేమియు లేదు. అతడు తల్లి సొమ్మే మిగుల్ప జూచెను. అయితే ఆ టిక్కెట్టులో ఏమున్నదో తల్లికెవరును చెప్పలేదు, ఆమెయు అడుగలేదు.

కావున అడుగవలసిన మొదటి ప్రశ్న యిది: “ప్రయాణమంతయు ఒకే టిక్కెట్టా?” ఒకే టిక్కెట్టయినచో, మొదటి విమానము ఆలస్యమై రెండవది తప్పినను, తరువాతి విమానములో పంపు బాధ్యత సంస్థపై నుండును, పెట్టెలును వారే చేర్పింతురు. “సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్” అని వ్రాసియున్నచో అవి వేర్వేరు టిక్కెట్లని తెలిసికొనవలెను. ఒంటరిగా పోవు పెద్దవారికి అది పనికిరాదు.

రెండవ ప్రశ్న: “నడుమ ఎంతసేపు ఆగవలెను?” గంటన్నర వ్యవధిలో పెద్ద విమానాశ్రయమున పరుగెత్తుట కష్టము, పదునాలుగు గంటలు కూర్చుండుట అంతకంటె కష్టము. మూడునాలుగు గంటలు సమంజసము. అమెరికాలో మొదట దిగిన యూరిలోనే సాధారణముగా పెట్టెలు తీసికొని, కస్టమ్సు దాటించి, మరల అప్పగింపవలసియుండును. అందుచే మొదట దిగు ఊరే కూతురి ఊరగునట్లు దారి దొరకినచో కొంచెము హెచ్చు వెలయైనను నష్టము లేదు. నడువలేనివారు చక్రాలకుర్చీ సాయము కావలెనని టిక్కెట్టు కొనునపుడే కోరి వ్రాయించుకొనవలెను.

మూడవ ప్రశ్న: “తేదీ మార్చుకొనవచ్చునా?” కాన్పు వైద్యులు చెప్పిన దినముననే జరుగునన్న నమ్మకము లేదు. తేదీ మార్పునకు వీలుగల టిక్కెట్టు ఇట్టి ప్రయాణమునకు మిక్కిలి యవసరము. రానుపోను టిక్కెట్టులో మొదటి భాగము నెక్కకున్నచో తక్కిన భాగములు సాధారణముగా రద్దగునని కూడ మరువరాదు.

పేరును గూర్చి

మన తెలుగువారికి ఇది ప్రత్యేకమైన చిక్కు. పుట్టింటిపేరు, అత్తవారింటిపేరు, పొడి అక్షరములు, ఒక్కొక్క కాగితములో ఒక్కొక్క తీరుగా నుండును. విమానమునకు పాసుపోర్టులోని పేరే ప్రమాణము. ఇంటిపేరు గడిలో నున్నది ఆ గడిలోనే, సొంతపేరు గడిలో నున్నది ఆ గడిలోనే, ఒక్క అక్షరము తేడా లేకుండ ఎక్కింపవలెను. పాసుపోర్టును ఎదుట పెట్టుకొని మనమే చదివి చెప్పుట మంచిది.

పొరపాటు జరిగినచో వెంటనే మేల్కొనవలెను. అమెరికాకు పోవు విమానముల విషయమున, ప్రయాణమునకు కనీసము 7 దినములు ముందుగా సంస్థవద్దనే కొనిన టిక్కెట్టును 24 గంటలలోపల రుసుము లేకుండ రద్దుచేసికొనుటకో, సొమ్ము చెల్లింపక ఆ వెలను 24 గంటలు నిలుపుకొనుటకో అవకాశ మీయవలెనని ఆ దేశపు నిబంధన. మన దేశములో “సొమ్ము తిరిగి రాదు” అను టిక్కెట్టు రద్దయినను, ప్రభుత్వపు పన్నులును విమానాశ్రయ రుసుములును తిరిగి యీయవలెనని విమానయానమును నియంత్రించు డి.జి.సి.ఏ. కార్యాలయపు నిబంధన కలదు. పెక్కుమంది యెరుగక ఆ సొమ్మును విడిచిపెట్టుచున్నారు.

మోసగాండ్రు

టిక్కెట్టు రద్దుచేయ నెంచి, సంస్థవారి ఫోను నంబరును ఇంటర్నెట్టులో వెదకి, దొంగ నంబరునకు చిక్కి మోసపోవుట నేడు తరచు వినవచ్చుచున్నది. నంబరును టిక్కెట్టుమీదనో, సంస్థ సొంత వెబ్‌సైటులోనో చూడవలెను. ఓ.టి.పి. అడుగువారు, ఫోనులో ఏదో యొక యాప్ వేసికొమ్మనువారు సంస్థవారు కారు. సొమ్ము పోయినచో క్షణమాలస్యము చేయక 1930 నంబరునకు ఫోను చేయవలెను. వినియోగదారుల ఫిర్యాదులకు 1915 కలదు.

సోదరీమణులారా! చీర కొనునపుడు వెల యొక్కటే చూచి కొనము. అంచు చూతుము, నేత చూతుము, ఉతికిన రంగు నిలుచునా యని అడుగుదుము. టిక్కెట్టును అట్లే పరీక్షింపుడు. ఈసారి కుమారుడు ఫోను చేతబట్టినప్పుడు ప్రక్కన కూర్చుండి ఆ మూడు ప్రశ్నలను అడుగుడు. మరుసారి ఫోను మీరే చేతబట్టుడు. నాలుగువేలు మిగులుట మంచిదే. అంతకంటె, బిడ్డ మొదటి యేడుపు వినుటకు వేళకు చేరుట మంచిది. ఆ వేళను ఏ వెబ్‌సైటువారును తిరిగి యీయజాలరు.