పులస మెట్లెక్కుతుందా?

పోలవరం స్పిల్‌వేలో పులసల కోసం ఫిష్ ల్యాడర్, అంటే చేపల మెట్లు, కట్టారన్న వార్త చదివి ఒక పాఠకుడు ఉత్తరం రాశారు: "మెట్లు సరే, ఎక్కడం ఎలాగో పులసకు ఎవరు చెబుతారు?" ఆయన వెటకారానికే అడిగి ఉండొచ్చు. కానీ ఇంతకన్నా మంచి ప్రశ్న ఈ మధ్య నా బల్ల మీదికి రాలేదు. ఎదురీదే చేపకు ఎవరూ చెప్పకుండానే ఒక లెక్క తెలుసు. ఆ లెక్కను మనుషులు కాగితం మీద పెట్టింది 2005లో.

పులస గురించి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పేదేముంది! సముద్రంలో పెరిగే ఇలస జులై నుంచి సెప్టెంబరు దాకా ఎర్రనీటికి ఎదురీది, గుడ్లు పెట్టడానికి గోదావరిలోకి వస్తుంది. పిల్లలు కొన్నాళ్లు నదిలో పెరిగి సముద్రానికి పోతాయి. ధర గురించీ, పులుసు గురించీ, పుస్తెలమ్మే సామెత గురించీ రాసేవాళ్లు ఏటా ఉంటారు. నాకు కావలసింది ఆ ఎదురీత.

ఈసారి చేపను ముక్కలు కోసేటప్పుడు గమనించండి. చర్మం కిందనే, పక్క నడిమి గీత వెంబడి ముదురు రంగు పట్టీ ఒకటి ఉంటుంది. అది ఎర్రకండ. ఆక్సిజన్‌తో నడుస్తుంది కాబట్టి నిదానంగా ఈదుతున్నంతసేపు అలసట ఎరగదు. మిగతా మాంసమంతా తెల్లకండ. దానికి ఆక్సిజన్ కోసం ఆగే ఓపిక లేదు. దాచుకున్న గ్లైకోజెన్‌ను దుబారాగా ఖర్చుపెట్టి చేపను ముందుకు విసురుతుంది, తర్వాత కోలుకోవడానికి గంటలు తీసుకుంటుంది. ఆ లెక్కన చేపకు బండికున్నట్టు మూడు గేర్లు. రోజంతా సాగే నిదానపు ఈత, నిమిషాలపాటు సాగే జోరు ఈత, సెకన్లలో ముగిసే దూకుడు ఈత. మొదటి గేరు దాటగానే ఓపిక గడియారం తిరగడం మొదలవుతుంది. ఆనకట్ట గేటు కింద ఉరవడి దగ్గర చేపకు పనికొచ్చేవి చివరి రెండే.

ఇక లెక్కకు వద్దాం. చేప వేగం పెంచితే ఓపిక కూడికతీసివేతల్లా కాదు, భాగహారంలా తగ్గుతుంది. సులువు కోసం నేనే కల్పించిన అంకెలతో ఒక ఊహా చేపను తీసుకుందాం. సెకనుకు 3 మీటర్ల వేగంతో అది 8 సెకన్లు ఈదగలదు. వేగం ఒక మీటరు పెరిగినప్పుడల్లా ఓపిక సగమవుతుంది: 4 మీటర్ల వేగంతో 4 సెకన్లు, 5తో 2 సెకన్లు, 6తో ఒక్క సెకను. ఎదురుగా నీరు సెకనుకు 2 మీటర్ల వేగంతో వస్తోంది. చేప 3తో ఈదితే సెకనుకు ఒక మీటరు చొప్పున 8 మీటర్లు ముందుకు పోతుంది. 5తో ఈదితే సెకనుకు 3 మీటర్లు పోతుంది గానీ 2 సెకన్లకే డస్సిపోతుంది, దక్కేది 6 మీటర్లు. 4తో ఈదినా 8 మీటర్లే. మధ్యలో 3.5తో ఈదితే మాత్రం దాదాపు ఎనిమిదిన్నర మీటర్లు. ఇంచుమించు అదే శిఖరం.

ఇప్పుడు నీటి వేగాన్ని 3 మీటర్లకు పెంచండి. 4తో ఈదితే 4 మీటర్లు, 5తో ఈదినా 4 మీటర్లు, 4.5తో ఈదితే 4.2. రెండుసార్లూ గెలిచింది నీటికన్నా ఒకటిన్నర మీటర్లు ఎక్కువ వేగంతో ఈదిన చేపే! నీరు ఎంత ఉరవడిగా వచ్చినా ఆ తేడా మారదు. ఓపిక ఎంత తొందరగా కరుగుతుందన్న ఒక్క విషయమే దాన్ని నిర్ణయిస్తుంది. గట్టు మీద నిలబడి చూసేవారికి నీరు మెల్లగా ఉన్నా, పరవళ్లు తొక్కుతున్నా తెలివైన చేప ఒకే నడకతో పైకి పోతున్నట్టు కనబడాలన్నమాట. అయితే జోరు ఈతకు ఒక నడక, దూకుడు ఈతకు మరొక నడక. నీటి వేగం ఒక హద్దు దాటగానే మొదటిది వదిలి రెండోది అందుకోవాలి. ఇంటర్ చదివే పిల్లలు ఒక్క అవకలనంతో దీన్ని తేల్చేస్తారు. నాకు మాత్రం దీని అందం ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

కాగితం మీద సరే, చేపలు ఒప్పుకోవద్దూ? అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, కనెక్టికట్ నది ఒడ్డున టర్నర్స్ ఫాల్స్ దగ్గర వలస చేపల పరిశోధనశాల ఉంది. 2005లో ఈ లెక్క కట్టిన పరిశోధకుడు థియోడోర్ కాస్ట్రో-శాంటోస్ అక్కడ పైకప్పు లేని పొడవాటి కాలువలో సెకనుకు 1.5 నుంచి 4.5 మీటర్ల వేగంతో నీరు వదిలాడు. చేపల్ని తోలలేదు, బెదిరించలేదు. ఇష్టమైతే ఎక్కుతాయి, లేకపోతే లేదు. మొత్తం ఆరు జాతుల్ని చూస్తే మూడు జాతులు జోరు నడక వదిలి దూకుడు నడక అందుకోవలసిన చోట కూడా పాత నడకనే పట్టుకుని వేలాడాయి. అందువల్ల అవి చేరగలిగినంత దూరం చేరలేకపోయాయి. రెండు గేర్లలోనూ లెక్క తప్పనివి షాడ్ అనే చేప, దాని దగ్గరి బంధువులు రెండు, మొత్తం ఆ మూడే. అవి క్లుపిడే కుటుంబానివి. మన పులసదీ అదే కుటుంబం. ఈ మాట చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డానంటే నమ్మండి.

అంతకుముందు ఈ విషయంలో పొరపాటు మొదలైంది గొప్ప పనుల నుంచే. 1950లలో కేంబ్రిడ్జిలో బెయిన్‌బ్రిడ్జ్ చక్రంలా తిరిగే గుండ్రటి తొట్టిలో చేపల్ని ఈదించి, తోక ఊపుకూ వేగానికీ ఉన్న సంబంధం పట్టుకున్నాడు. 1964లో కెనడాలోని ననైమోలో బ్రెట్ సాల్మన్ పిల్లల్ని గొట్టంలో పెట్టి, నీటి వేగాన్ని అంచెలంచెలుగా పెంచుతూ ఎక్కడ చేతులెత్తేస్తాయో కొలిచాడు. ఇద్దరివీ గొప్ప పనులే. తప్పు ఆ అంకెల్ని ఎత్తుకెళ్లి తూములకూ మెట్లకూ అతికించినవాళ్లది. గొట్టంలో చేప ఎంత ఈదినా ఉన్నచోటే ఉంటుంది. ఎంత వేగంతో ముందుకు పోవాలన్న ప్రశ్న దానికి అక్కడ ఎదురే కాదు.

ఇంతకన్నా ఖరీదైన పొరపాటు అదే కనెక్టికట్ నది మీద, హోలియోక్ ఆనకట్ట దగ్గర జరిగింది. చేపలకు దారి ఇవ్వనంటూ ఆ ఆనకట్ట కంపెనీ అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయి 1872లో ఓడిపోయింది. 1873లో మెట్లు కట్టింది. షాడ్‌లు వాటి మొహం చూడలేదు. మెట్టు మీంచి మెట్టుకు ఎగిరి దూకడం సాల్మన్ విద్య. షాడ్ దూకదు, గుంపును వదలదు, సుడులూ ఇరుకు మలుపులూ చూస్తే వెనక్కి తిరుగుతుంది. దాదాపు ఎనభై ఏళ్ల తర్వాత, 1955లో, చేపల్ని నీటితో సహా తొట్టిలో పైకెత్తే లిఫ్టు పెట్టారు. 1992లో ఆ లిఫ్టు ఎక్కిన షాడ్‌లు 7 లక్షలు దాటాయి.

చేపకు ఎంత నీరు కావాలో తేల్చడానికి నదిని కంప్యూటర్లోకి ఎక్కించే పని 1970ల చివర్లో అమెరికాలోనే ఊపందుకుంది. ఫ్యాబ్‌సిమ్ అనే నమూనా నదిని గళ్లుగళ్లుగా కోసి, ప్రతి గడిలో లోతుకూ, నీటి వేగానికీ, అడుగునున్న ఇసుక, గులకరాళ్లకూ సున్నా నుంచి ఒకటి దాకా మార్కులేస్తుంది. లోతుకు 0.8, వేగానికి 0.5, అడుగుకు 1 వస్తే గుణించి 0.4 అంటుంది. 10 చదరపు మీటర్ల గడిలో చేపకు పనికొచ్చేది 4 చదరపు మీటర్లేనని తేలుస్తుంది. అన్ని గళ్లూ కూడితే ఇంత ప్రవాహానికి ఇంత నివాసం అని ఒక గీత వస్తుంది. ఆ గీత పట్టుకుని నదికి ఎన్ని నీళ్లు వదలాలో నిర్ణయించేశారు! చేపలేమో లోతును, వేగాన్ని విడివిడిగా చూసి మార్కులేయవు. గీతలో నివాసం పెరిగినంత మాత్రాన నదిలో చేపలు పెరగాలనీ లేదు. 1985లో మాథుర్ అనే పరిశోధకుడి బృందం ఈ సంగతే కుండబద్దలు కొట్టింది. కాపురముండే చేపకు ఆ నమూనా కొంత పనికొస్తుందేమో గానీ, దాటిపోయే చేపకు కావలసింది అలసట లెక్క. గేటు కింద నీటి వేగం, ఆ వేగం ఎంత దూరం సాగుతుందో తెలిస్తే, వందలో ఎన్ని చేపలు దాటతాయో కాస్ట్రో-శాంటోస్ తరహా సూత్రాలు అంచనా కట్టగలవు.

ఇప్పుడు పాఠకుడికి జవాబు. పోలవరం సంగతి తర్వాత, ముందు పులస ధవళేశ్వరం బ్యారేజీ దాటాలి. అక్కడ 175 గేట్లున్నాయి. పైనీటికీ కిందినీటికీ మధ్య 20 సెంటీమీటర్ల తేడా ఉంటే గేటు కింద నీరు సెకనుకు 2 మీటర్ల వేగంతో వస్తుంది. అర మీటరు తేడాకు 3 మీటర్లు దాటుతుంది. ఒక మీటరుకు దాదాపు 4.4 మీటర్లు, అంటే టర్నర్స్ ఫాల్స్ కాలువలో వదిలిన గరిష్ఠ వేగానికి దగ్గర. వరద పెరిగి గేట్లు పూర్తిగా ఎత్తినప్పుడు ఆ తేడా తగ్గుతుంది. పులసకు అదే అదను. కాబట్టి మెట్లకన్నా ముందు ఆలోచించాల్సింది ఏ గేటును ఏ వరుసలో, ఎంతసేపు ఎత్తాలన్నది. గంగ మీద ఫరక్కా దగ్గర ఇలస కోసం మరో తరహా ప్రయత్నం నడుస్తోంది. 1975లో ఆ బ్యారేజీ కట్టకముందు ఇలస గంగలో అలహాబాదు దాటి పోయేది. ఇప్పుడు బారక్‌పూర్‌లోని కేంద్ర లోతట్టు మత్స్య పరిశోధన సంస్థ బ్యారేజీ పైన గుర్తులు కట్టిన ఇలసల్ని వదులుతోంది.

పోలవరం మెట్లు పనిచేయవని నేననను. ఇలస సాల్మన్ కాదని తెలిసినవాళ్ల సలహాతోనే అవి వచ్చాయి. కాకపోతే రెండు చిక్కులున్నాయి. లక్షల క్యూసెక్కులు దూకే చోట మెట్లలోంచి వచ్చే చిన్న ధార చేపకు కనబడాలి కదా, ఎందుకంటే అది ఉరవడి ఎక్కువున్న వైపే మొగ్గుతుంది. రెండోది, ఇలస ఓపిక ఎంత తొందరగా కరుగుతుందో గోదావరి చేపల మీదే కొలవాలి. అది పట్టుకుంటే చాలు పొలుసులు రాల్చుకుని చచ్చిపోయే సుకుమారం కాబట్టి కొలవడం అంత తేలిక కాదు. షాడ్ అంకెలు అరువు తెచ్చుకుంటే మళ్లీ బ్రెట్ గొట్టం కథే అవుతుంది.

హోలియోక్‌లో లిఫ్టు ఎక్కిన చేపల్ని అద్దం వెనక కూర్చుని మనుషులు లెక్కపెడతారు, ఆ సంఖ్యలు ఏటా అందరికీ చెబుతారు. గోదావరి మీద కూడా అలాంటి అద్దమొకటి పెట్టి, ఏటా వరద తీయగానే ఎన్ని పులసలు ఎక్కాయో ప్రకటించమని నీటిపారుదల శాఖను కోరుతున్నాను. సున్నా వచ్చినా సరే, ప్రకటించాలి.