మీకు తెలుసా? ఒక్క లాగుడుకి ఇన్ని పనులు చేసే తుపాకి!

రామచంద్రపురంలో బ్యాంకు గుమ్మం దగ్గర కాపలా ఉండే గార్డు భుజాన పొడుగాటి తుపాకి కనిపిస్తే, అది ఒంటి గొట్టందో జంట గొట్టాలదో అయ్యుంటుంది. లైసెన్సు కాగితాల్లో వీటినే ఎస్‌బీబీఎల్, డీబీబీఎల్ అని రాస్తారు. ఎన్నికల నోటిఫికేషన్ రాగానే పోలీస్‌స్టేషన్లో అప్పగించమనే తుపాకుల్లోనూ ఇవే ఎక్కువ. మధ్యకు మడిచి, తూటా పెట్టి, మూసి కాల్చాలి. జంట గొట్టాలదైనా రెండు దెబ్బలతో సరి, మళ్లీ మడత విప్పాల్సిందే. ఆ మడత పనిని పూర్తిగా తీసేసిందే పంపు తుపాకి.

ఇందులో గొట్టం కింద ఎడమచేత్తో పట్టుకునే పిడి కదులుతుంది. సైకిలు పంపు కొట్టినట్టు ఆ పిడిని వెనక్కి లాగి ముందుకి తోయాలి, అంతే. పిడికీ లోపలి బోల్టుకీ మధ్య ఒక ఉక్కు పట్టీ ఉంటుంది. వెనక్కి లాగగానే బోల్టు తాళం విడిపోతుంది. కాలిన తూటా తొడుగు అంచును కొక్కెం పట్టి బయటికి విసిరేస్తుంది. సుత్తి వెనక్కి ఒరిగి సిద్ధమవుతుంది. కింది గొట్టంలో స్ప్రింగు ఒత్తిడి మీద వరసగా ఉన్న తూటాల్లోంచి ఒకటి వెనక్కి జారుతుంది. పిడిని ముందుకి తోస్తే ఒక మీట ఆ తూటాను పైకెత్తుతుంది, బోల్టు దాన్ని గొట్టంలోకి నెట్టి తాళం వేసుకుంటుంది. ఇన్ని పనులకీ మోటారు లేదు, పేలుడు వాయువు సాయం లేదు. నడిపేదంతా చేతి కదలికే. వేలు ట్రిగ్గరు మీద, చెంప తుపాకి మడమ మీద ఉండగానే ఇదంతా జరిగిపోవడం దీని అసలు తెలివి.

తూటాలను ఒకదాని వెనక ఒకటిగా గొట్టంలో పేర్చినా ప్రమాదం ఎందుకు రాదో తెలుసా? మొనదేలిన రైఫిలు తూటాలైతే వెనకదాని మొన ముందుదాని అడుగున ఉండే మందు బిళ్లకు గట్టిగా తగిలి పేలే ముప్పుంది. పంపు తుపాకిలో వాడే, సీసపు గుళ్లు నింపిన తూటా తల చదునుగా ఉంటుంది కాబట్టి ఆ భయం లేదు.

ఇలాంటి తుపాకుల గురించి చెప్పేటప్పుడు పన్నెండు బోరు అనే మాట మన దగ్గర అందరి నోటా వింటాం. ఆ పన్నెండు అంగుళాలూ కాదు, మిల్లీమీటర్లూ కాదు. ఒక పౌను సీసాన్ని 12 సమానమైన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో, గొట్టం లోపలి వెడల్పు అంత. లెక్కకు సుమారు పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు. అందుకే పదహారు బోరు, ఇరవై బోరు అని అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది.

ఇంతకీ పంపు తుపాకిని కనిపెట్టిందెవరు? బజారులో నిలబడ్డ మొదటి పంపు తుపాకి అమెరికాలో కనెటికట్ రాష్ట్రంలోని విండ్సర్‌లో తయారైంది. దాని వెనక ఉన్నది క్రిస్టఫర్ స్పెన్సర్, సిల్వెస్టర్ రోపర్. పేటెంటు 1882లో వచ్చింది. స్పెన్సర్ అప్పటికే పేరున్నవాడు. అమెరికా అంతర్యుద్ధంలో ఏడు తూటాల రైఫిలు తయారుచేసి, 1863లో అధ్యక్షుడు లింకన్‌కు స్వయంగా చూపించాడు. స్క్రూలను వాటంతటవే చెక్కే యంత్రం కూడా ఆయనదే. ఇంత బుర్ర ఉన్న మనిషికి వ్యాపారం మాత్రం కలిసిరాలేదు. కంపెనీ దివాలా తీసి, 1890లో తుపాకి హక్కులు ఫ్రాన్సిస్ బ్యానర్‌మన్ చేతికి వెళ్లాయి. ఈయన న్యూయార్కులో సైన్యం వదిలించుకున్న సరుకు కొని అమ్మే వర్తకుడు. తర్వాత హడ్సన్ నదిలో ఒక లంక కొని, దాని మీద కోటలాంటి ఆయుధ గిడ్డంగి కట్టాడు. 1920లో అక్కడి మందుగుండు పేలి గిడ్డంగిలో కొంత భాగం ఎగిరిపోయింది.

ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం కోర్టు దావా. 1893లో వించెస్టర్ కంపెనీ జాన్ బ్రౌనింగ్ రూపకల్పన చేసిన పంపు తుపాకిని బజారులోకి దించింది. ఈ పద్ధతి మీద హక్కు తనదంటూ బ్యానర్‌మన్ కోర్టుకెక్కాడు. వించెస్టర్ వాళ్లు సముద్రం దాటి యూరప్ పేటెంటు దస్త్రాలు తిరగేయించారు. బ్రిటన్‌లో 1854లో అలెగ్జాండర్ బెయిన్, 1866లో విలియం క్రుట్జ్ తీసుకున్న పేటెంట్లు దొరికాయి. ఫ్రాన్సులో 1880 నాటి మగో పేటెంటు కూడా బయటపడింది. పిడిని జరిపి తుపాకి నింపే ఆలోచన స్పెన్సర్ కన్నా చాలా ముందే కాగితం మీద ఉందని తేలిపోయింది. దావా బ్యానర్‌మన్‌కు వ్యతిరేకంగా ముగిసింది. బెయిన్, క్రుట్జ్, మగో పేర్లు తుపాకుల మీద ఎక్కడా కనిపించవు. కానీ ఆ పాత గీతలు లేకపోతే వించెస్టర్ వాదన నిలిచేది కాదు. స్పెన్సర్ గొప్పతనం వేరే చోట ఉంది. కాగితం మీది ఆలోచనను నమ్మకంగా పనిచేసే ఇనుముగా మార్చి జనం చేతిలో పెట్టినవాడు ఆయన. ఆ పేరు ఆయనకే దక్కాలని నా అభిప్రాయం.

1893 మోడలు పొగ చిమ్మే పాత తుపాకిమందుకు సరిపోయేది. పొగలేని కొత్త మందు ఒత్తిడికి ఆగలేదు. బ్రౌనింగ్ దాన్ని బలపరిచి 1897 మోడలు చేశాడు. అది 1957 దాకా తయారై పది లక్షలు దాటింది. లాగినప్పుడు దీని బోల్టు వెనక నుంచి బయటికి పొడుచుకొచ్చి సుత్తిని కిందికి తొక్కుతుంది. బొటనవేలు అడ్డం ఉంటే చర్మం లేచిపోతుంది. ట్రిగ్గరు నొక్కిపట్టి పిడి ఆడిస్తుంటే, బోల్టు మూసుకున్న ప్రతిసారీ తుపాకి పేలుతుంది. ఈ రకం తుపాకుల్నే అమెరికా సైనికులు మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లోకి తీసుకెళ్లారు. 1918 సెప్టెంబరులో జర్మనీ వీటి మీద అధికారికంగా నిరసన తెలిపింది. అమెరికా ఒప్పుకోలేదు. కందకాల్లో సైనికులకు అసలు చిక్కు తెచ్చిపెట్టింది తేమ. అట్ట తొడుగు తూటాలు చెమ్మకు ఉబ్బి గొట్టంలోకి దూరేవి కావు. ఇత్తడి తొడుగులు ఇవ్వాల్సి వచ్చింది.

మరి ఆ రోజుల్లో మన వైపు? 1878 ఆయుధాల చట్టంతో బ్రిటిష్ ప్రభుత్వం మామూలు జనం చేతికి తుపాకి అందకుండా చేసింది. అందుకే అల్లూరి సీతారామరాజు దళం పోలీసు ఠాణాల మీదికి వెళ్లాల్సి వచ్చింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు దాడుల్లో చిక్కినవి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు. పంపు తుపాకి పుట్టి అప్పటికి 40 ఏళ్లు. మన్యం వీరుల చేతికి అందింది మాత్రం పోలీసుల పాత రకం ఆయుధాలే. వాటితోనే ఒక సామ్రాజ్యాన్ని రెండేళ్లు నిలువరించారంటే ఎంతటి గుండె ధైర్యమో ఆలోచించండి.

పంపు తుపాకి వేగానికి ఎక్కువ మూల్యం చెల్లించినవి పక్షులు. అమెరికాలో బాతుల్ని వేటాడి సంతల్లో అమ్మేవాళ్లకు ఇది బాగా అక్కరకొచ్చింది. వలస పక్షులు తగ్గిపోతుంటే 1918లో వాటి కోసం చట్టం తెచ్చారు. 1935లో ఇంకో నిబంధన పెట్టారు: వలస బాతుల వేటకు వెళ్లేవాడి తుపాకిలో మూడు తూటాలకు మించి ఉండకూడదు. అయిదారు పట్టే గొట్టాన్ని ఏం చేయాలి? అందులో ఒక కర్రముక్క దూర్చమన్నారు. తూటాలకు చోటు తగ్గిపోతుంది. వేటగాళ్లు ఇవాళ్టికీ ఆ అడ్డుముక్క పెట్టుకునే వెళ్లాలి.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో షికారు రోజులు దాదాపుగా ముగిశాయి. 1978లో కోరింగ మడ అడవులు అభయారణ్యమయ్యాయి. శీతాకాలంలో గోదావరి పాయల మీద వాలే బాతుల్ని ఇప్పుడు ఎన్ని తూటాల తుపాకితోనైనా సరే, కాల్చడం నేరం.