యంత్రం కొనేముందు వేయాల్సిన ప్రశ్నలు

మీకు తెలుసా? మన ప్రభుత్వ ఆస్పత్రుల్లో వైద్య పరికరాలు ఎన్ని ఉన్నాయో జాతీయ ఆరోగ్య మిషన్ కింద లెక్క తీశారు. 29,115 కేంద్రాల్లో 7,56,750 పరికరాలు తేలాయి. వాటి విలువ సుమారు 4,564 కోట్ల రూపాయలు. రాష్ట్రాన్ని బట్టి వాటిలో 13 నుంచి 34 శాతం పనిచేయడం లేదని అప్పుడు తేలింది. అంటే కొన్నిచోట్ల ప్రతి మూడింటిలో ఒకటి మూలన పడి ఉండేది. అలాంటప్పుడు యంత్రం ఆస్పత్రిలోనే ఉన్నా రోగి చీటీ పట్టుకుని బయటి డయాగ్నస్టిక్ సెంటర్‌కు వెళ్లక తప్పదు.

మరమ్మతులు జరగకపోవడం దీనికి ఒక కారణం. కొనేముందే సరిగా ఆలోచించకపోవడం మరో కారణం. ఆ ఆలోచనను పద్ధతి ప్రకారం చేయించే విద్య ఒకటుంది. దాని పేరు హెల్త్ టెక్నాలజీ అసెస్‌మెంట్, క్లుప్తంగా హెచ్‌టీఏ. ఈ పరికరంతో రోగికి నిజంగా మేలుందా? ఇప్పుడు వాడుతున్నదానికంటే ఎంత ఎక్కువ? ఆ అదనపు మేలుకు ఎంత ఖర్చవుతుంది? అదే డబ్బు మరోచోట పెడితే ఇంకెందరు బాగుపడతారు? హెచ్‌టీఏ అడిగేది ఇవే.

▪ ఈ విద్యకు ఊపు తెచ్చిన యంత్రాల్లో సీటీ స్కానర్ ఒకటి. మొదటి రోగికి స్కాన్ తీసింది 1971 అక్టోబరు 1న, లండన్ వింబుల్డన్‌లోని అట్కిన్‌సన్ మోర్లే ఆస్పత్రిలో. దాన్ని తయారు చేసిన ఈఎంఐ, బీటిల్స్ పాటల రికార్డులు వేసిన సంస్థే. కొద్ది ఏళ్లలోనే అమెరికా ఆస్పత్రులు పోటీ పడి స్కానర్లు కొన్నాయి. అక్కడి పార్లమెంటుకు అప్పట్లో సలహాలిచ్చిన సాంకేతిక మదింపు కార్యాలయం 1978లో ఒక నివేదిక ఇచ్చింది. ప్రయోజనం ఎంతో గట్టి అధ్యయనాలు తేల్చకముందే యంత్రం దేశమంతా పాకిపోయిందన్నది అందులోని ముఖ్యమైన మాట. సీటీ గొప్ప ఆవిష్కరణ, అందులో సందేహం లేదు. కానీ ఎన్ని కావాలి, ఎక్కడ కావాలి అన్నది ముందుగా తేల్చుకోలేదు.

▪ లైసెన్సు ఉన్న ప్రతి పరికరాన్నీ రోగుల మీద కొత్తగా పరీక్షించి ఉంటారని అనుకోకండి. అమెరికాలో 1976 నాటి చట్టం ప్రకారం, ఇప్పటికే అమ్మకంలో ఉన్న పరికరంతో సరిసమానమని చూపిస్తే చాలావాటికి అనుమతి వస్తుంది. మన మెడికల్ డివైసెస్ రూల్స్ 2018 జనవరి 1న అమల్లోకి వచ్చాయి. అవి ముప్పును బట్టి పరికరాలను ఏ, బీ, సీ, డీ అని నాలుగు తరగతులు చేశాయి. లైసెన్సు ఉందంటే అమ్మవచ్చని అర్థం. మన ఆస్పత్రికి అది అవసరమా అన్నది వేరే ప్రశ్న.

▪ మెడ దగ్గరి సిర గుండా గుండెలోంచి ఊపిరితిత్తుల ధమని దాకా పంపే స్వాన్-గాంజ్ కథీటర్ 1970లో వచ్చింది. లోపలి ఒత్తిళ్లను అంకెల్లో చూపించే ఈ గొట్టం మూడు దశాబ్దాలకు పైగా ఐసీయూల్లో విరివిగా వాడుకలో ఉంది. చివరికి బ్రిటన్ ప్రభుత్వ హెచ్‌టీఏ కార్యక్రమం డబ్బుతో 65 ఐసీయూల్లో, 1,041 మంది రోగులతో పరీక్ష జరిపారు. ఫలితాలు 2005లో వచ్చాయి. గొట్టం వేసినవారిలో ఆస్పత్రిలోనే చనిపోయినవారు 68 శాతం, వేయనివారిలో 66 శాతం. గణాంకాల ప్రకారం అది తేడాయే కాదు. వాడిన వైద్యులను తప్పుపట్టలేం. ప్రాణం మీదికి వచ్చిన రోగి పక్కన నిలబడినవారికి తెర మీద కదిలే అంకె ధైర్యమిస్తుంది. ఆ అంకె ప్రాణం నిలుపుతోందో లేదో మాత్రం ఒక్క మంచం పక్కన నిలబడి చూస్తే తేలదు. వెయ్యి మందిని పోల్చి చూడాల్సిందే.

గుండెపోటుతో షాక్‌లోకి వెళ్లినవారికి వాడే బెలూన్ పంపుదీ ఇదే కథ. జర్మనీలో 600 మంది మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2012లో వెలువడ్డాయి. 30 రోజుల్లో చనిపోయినవారు పంపు పెట్టిన వర్గంలో 39.7 శాతం, పెట్టని వర్గంలో 41.3 శాతం. ఇక్కడా చెప్పుకోదగ్గ తేడా తేలలేదు.

▪ రోబో సర్జరీ బోర్డులు ఇప్పుడు మన నగరాల్లోనూ కనిపిస్తున్నాయి. మలాశయ క్యాన్సర్‌కు రోబో మేలా, మామూలు లాపరోస్కోపీ మేలా అని పది దేశాల్లో 471 మంది మీద పరీక్షించారు. మధ్యలో ఆపి పొట్ట కోయాల్సి వచ్చింది రోబో వర్గంలో 8.1 శాతం మందికి, రెండో వర్గంలో 12.2 శాతం మందికి. రోబోదే పైచేయి అని చెప్పడానికి ఆ తేడా సరిపోలేదు. ఖర్చు మాత్రం ఒక్కో రోగికి సుమారు 980 పౌండ్లు ఎక్కువైంది. రోబోను కొన్న డబ్బు, దాని మెయింటెనెన్స్ అందులో కలపనే లేదు.

▪ టెండర్‌లో అతి తక్కువ ధరకు ఎల్-1గా నిలిచిన యంత్రమే చవకైనదని చెప్పలేం. ల్యాబ్ ఎనలైజర్‌ను కంపెనీ ఉచితంగా పెట్టి, పరీక్షలకు వాడే రసాయనాలు (రీజెంట్లు) మాత్రం తమ దగ్గరే కొనాలని ఒప్పందం రాయించుకోవడం మామూలే. ఏసీ గది, యూపీఎస్, నడిపే టెక్నీషియన్, వారంటీ అయ్యాక వార్షిక నిర్వహణ ఒప్పందం (ఏఎంసీ), ఇవన్నీ ధరలో భాగమే. వీటికి బడ్జెట్ పెట్టకపోవడం ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడటమే.

▪ మన దేశంలో ఈ పని కోసం కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం కింద హెచ్‌టీఏఇన్ అనే వ్యవస్థ 2017లో మొదలైంది. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ దాని ప్రాంతీయ కేంద్రాల్లో ఒకటి. శుక్లాల ఆపరేషన్ లెన్సులు హెచ్‌టీఏఇన్ తొలినాళ్లలో తీసుకున్న అంశాల్లో ఒకటి. ఫేకో యంత్రంతో చేసి మడత లెన్సు పెట్టడమా, చేతితో చిన్న కోత పెట్టి గట్టి లెన్సు అమర్చడమా? ప్రభుత్వ డబ్బుతో చేసే ఆపరేషన్లకు మన దేశంలో రెండోదే తగినదని తేల్చింది. ఇది రోగికి తక్కువ రకం వైద్యం అంటగట్టడం కాదు. ఖరీదైన యంత్రం లేకుండానే చూపు చక్కగా వస్తున్నప్పుడు, మిగిలిన డబ్బుతో వరుసలో ఉన్న మరో కంటికి ఆపరేషన్ చేయవచ్చు.

▪ ఈ పనికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు, ఆస్పత్రే చేసుకోవచ్చు. పారిస్ ప్రభుత్వ ఆస్పత్రులు 1982లోనే సొంత మదింపు కమిటీ వేసుకున్నాయి. మాంట్రియల్‌లో మెక్‌గిల్ ఆస్పత్రులు 2001లో వేసుకున్నాయి. డెన్మార్క్ వాళ్లు ఇంకా సులువు చేశారు. మినీ హెచ్‌టీఏ పేరుతో వాళ్లు తెచ్చిన ఫారంలో ఉన్నవి 26 ప్రశ్నలు. పరికరం, రోగి, ఆస్పత్రి పనితీరు, ఖర్చు, ఈ నాలుగింటి చుట్టూ అవి తిరుగుతాయి. పరికరం కావాలన్న విభాగమే జవాబులు రాస్తుంది. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. మన జిల్లా ఆస్పత్రి సూపరింటెండెంట్, బయోమెడికల్ ఇంజనీర్, హెడ్ నర్సు కలిసి కూర్చుంటే ఇలాంటి ఫారం నింపలేరా?

▪ కొన్నాక కూడా కన్నేసి ఉంచాలి. లోహంతో లోహం రాసుకునే ఏఎస్ఆర్ తుంటి ఇంప్లాంట్లను కంపెనీ 2010లో ప్రపంచమంతటా వెనక్కి పిలిచింది. అంతకుముందే ప్రమాద సూచన ఇచ్చినవాటిలో, కీళ్ల మార్పిడి వివరాలు నమోదు చేసే ఆస్ట్రేలియా రిజిస్ట్రీ ఒకటి.

▪ విదేశాల్లో ఉన్న మనవాళ్లకు, ఊళ్లోని దాతలకు ఒక విన్నపం. పేద దేశాల ఆస్పత్రుల్లో 1,12,040 పరికరాల లెక్కలు పరిశీలించి 2011లో ఒక అధ్యయనం వెలువడింది. వాటిలో 38.3 శాతం పనిచేయడం లేదని తేలింది. సొంతూరి ఆస్పత్రికి డయాలసిస్ యంత్రమో వెంటిలేటరో పంపే ముందు అక్కడికి ఒక్కసారి ఫోన్ చేయండి. నడిపేవాళ్లు ఉన్నారా, విడిభాగాలు దొరుకుతాయా, అసలు వాళ్లు అడిగింది ఇదేనా అని కనుక్కోండి. వీలైతే యంత్రంతో పాటు అయిదేళ్ల ఏఎంసీ డబ్బు కూడా ఇవ్వండి.