తలకు తగిన మొన

కంసాలి సుత్తితో కమ్మరి పని సాగదు. కమ్మరి సమ్మెటతో కంసాలి పని చెడును. పనికి తగిన పనిముట్టు ఉండవలెనని అందరును ఒప్పుకొందురు. కాని స్క్రూడ్రైవరు విషయమున మాత్రము ఈ మాటను మనము తరచుగా మరచిపోవుదుము. చేతికి దొరికిన దానిని గాడిలో దూర్చి, బలముకొలది త్రిప్పి, పని అయినదని సంతోషింతుము. అట్లు సంతోషింపబోయి నేను చేసిన పొరపాటు నుండియే ఈ వ్యాసము పుట్టినది.

నిరుడు మన పత్రికకు వచ్చిన రచనలను తెలుగు లిపిలో కూర్చుచుంటిమి. మన ఊరిలో తెలుగు కూర్పు తెలిసినవారు దొరకుట కష్టము. కావున ఆ పనిని విద్యార్థులును ఉపాధ్యాయులును కలసి చేసికొనుట మనకు అలవాటు. అందులకు వాడు డెస్క్‌టాప్ కంప్యూటరులో 4 గిగాబైట్ల మెమరీ మాత్రమే ఉండెను. నాలుగు పుటలు, రెండు బొమ్మలు తెరచునప్పటికి అది కదలక మెదలక నిలిచిపోవుచుండెను. హార్డ్ డిస్కు పుస్తకముల బీరువా వంటిదైనచో, మెమరీ ఆ పుస్తకములను పరచుకొని చదువు బల్ల వంటిది. బీరువా ఎంత పెద్దదైనను బల్ల చిన్నదైనచో పని సాగదు. అందుచేత మరియొక 4 గిగాబైట్ల మెమరీ పలకను తెప్పించితిమి.

దానిని అమర్చుటకు పెట్టె ప్రక్కమూత తీయవలెను. నా జేబులో కరెంటు ఉన్నదో లేదో చూచు టెస్టరు ఉండెను. దాని చదునైన మొననే స్క్రూ తలలోని గాడిలో పెట్టి త్రిప్పితిని. మొదటి స్క్రూ వచ్చినది. రెండవది కదలలేదు. నేను బలము హెచ్చించితిని. మొన జారినది, గాడి అంచులు చెరిగి, స్క్రూ తల నడుమ గుండ్రని గుంట ఏర్పడినది. ప్రక్కన నిలిచియున్న తొమ్మిదవ తరగతి విద్యార్థి మెల్లగా, “మాస్టారూ, దీనికి స్టార్ కావాలి గదా!” అనెను. ఆ బాలుని తండ్రికి మోటారు సైకిళ్ళ మరమ్మతు దుకాణము కలదు. నాకు తెలియనిది వానికి తెలిసియుండుటలో వింత లేదు.

ఆ సాయంత్రము మూత రాలేదు. కూర్పు పని ఆగిపోయినది. ఇంటికి పోయి, ఇంత చిన్న వస్తువును గురించి నేను ఏమియు ఎరుగనని గ్రహించి, తెలిసికొన నారంభించితిని. తెలిసికొన్న దానిని మీకు చెప్పుచున్నాను.

మొదట గాడుల రకములు. స్క్రూ తలపై ఒకే అడ్డుగీత వంటి గాడి ఉన్నచో దానికి చదునైన మొన కావలెను. రెండు గాడులు శిలువవలె ఖండించుకొనుచున్నచో నాలుగు రెక్కల మొన కావలెను. దీనికి ఫిలిప్స్ మొన యని పేరు. దుకాణములో మనము “స్టార్” అని అడిగినచో సాధారణముగా ఇచ్చునది ఇదియే. కాని నిజముగా నక్షత్రమువలె ఆరు కోణములు గల గాడి వేరొకటి ఉన్నది. దానిని టార్క్స్ అందురు. కొన్ని కంప్యూటరు పెట్టెలకు ఈ రకపు స్క్రూలును ఉండును. కావున తమిళమున తిరుప్పుళి యని అడిగినను, హిందీలో పేచ్‌కస్ అని అడిగినను, మనవలె స్క్రూడ్రైవరనియే అడిగినను, పేరొక్కటియే చాలదు. నాలుగు రెక్కలా, ఆరు కోణములా యని చెప్పవలెను. అంతకంటెను మేలు, స్క్రూనే దుకాణమునకు తీసికొనిపోయి చూపుట.

నాలుగు రెక్కల గాడి పుట్టుక తెలిసికొనదగినది. ఒకే గాడి గల స్క్రూలో మొన నడుమ నిలువక ప్రక్కకు జారును. చేతితో త్రిప్పునప్పుడు ఇది చిన్న చిక్కే. యంత్రములతో వేగముగా స్క్రూలు బిగించు కర్మాగారములలో ఇది పెద్ద చిక్కు. అమెరికా దేశమున ఆరిగన్ రాష్ట్రపు పోర్ట్‌లండ్ నగరవాసి జాన్ థాంప్సన్ అనునతడు మొనను తనంతట నడుమకు చేర్చుకొను శిలువ గాడిని కల్పించెను. అదే నగరవాసి హెన్రీ ఫిలిప్స్ ఆ హక్కులను కొని, గాడిని సవరించి, 1936లో పేటెంట్లు పొందెను. ఆ సంవత్సరముననే కాడిలాక్ మోటారుకార్ల తయారీలో ఈ స్క్రూలు వాడుకకు వచ్చెను. పిమ్మట ఇవి లోకమంతట వ్యాపించెను.

ఈ గాడికి ఒక గుణము, దానితోపాటు ఒక దోషము కలవు. దాని గోడలు నిట్టనిలువుగా నుండక లోపలికి పోవుకొలది సన్నగిల్లుచు వాలియుండును. అందువలననే మొన సులభముగా నడుమకు చేరును. కాని ఆ వాలు గోడలపై మనము త్రిప్పు బలములో కొంత భాగము మొనను పైకి నెట్టు బలముగా మారును. త్రిప్పుట హెచ్చినకొలది మొన పైకి లేచును. లేచినకొలది తాకు వైశాల్యము తగ్గును. చివరకు మొన జారి గాడి అంచులను చెక్కివేయును. నాకు జరిగినది ఇదియే. పైగా నా టెస్టరు మొన నాలుగు రెక్కలలో రెండింటిని మాత్రమే తాకినది. కావున ఇట్టి స్క్రూను విప్పునప్పుడు త్రిప్పుట కంటె ముందు నొక్కుట ముఖ్యము. మొనను తిన్నగా నిలిపి, గట్టిగా నొక్కిపట్టి, పిమ్మట మెల్లగా త్రిప్పవలెను.

రకము సరిపోయినంత మాత్రమున చాలదు, పరిమాణమును సరిపోవలెను. ఫిలిప్స్ మొనలకు 0, 1, 2, 3 అను సంఖ్యలు కలవు. సంఖ్య పెరిగినకొలది మొన పెద్దదగును. పిడిపైనను కడ్డీపైనను పి.హెచ్. 2 అను విధమున ఆంగ్లాక్షరములలో గుర్తు వేయుదురు. డెస్క్‌టాప్ కంప్యూటరు పెట్టెకు సాధారణముగా వలసినది 2వ సంఖ్య మొన. దాని కడ్డీ తరచుగా 6 మిల్లీమీటర్ల మందముండును. ల్యాప్‌టాప్ అడుగు మూతకు ఇంకను చిన్న మొనలు, అనగా 0 లేక 1, కావలసివచ్చును. చిన్న మొన పెద్ద గాడిలో అడుగున మాత్రమే తాకి ఊగులాడును. పెద్ద మొన చిన్న గాడిలో దిగనే దిగదు. మొనను గాడిలో పెట్టి చేతితో ఇటునటు కదలింపుడు. ఊగకుండ కూర్చున్నచో అది సరియైన జోడు.

పెట్టెలోని స్క్రూలన్నియు ఒకటి కావు. ప్రక్కమూతకును, విద్యుత్ సరఫరా పెట్టెకును తరచుగా వాడునవి అంగుళమునకు 32 మరలు గల లావు స్క్రూలు. వాని మందము సుమారు 3.5 మిల్లీమీటర్లు. డి.వి.డి. డ్రైవువంటి వానికి వాడునవి 3 మిల్లీమీటర్ల మందమును, దగ్గర దగ్గర మరలును గల ఎం3 స్క్రూలు. చూపునకు రెండును అన్నదమ్ములవలె నుండును. ఒకదాని రంధ్రములో మరియొకదానిని బిగించినచో మరలు చెడును. కావున విప్పినవానిని విప్పిన చోటు వ్రాసిన కాగితములపై వేరువేరుగా ఉంచవలెను. కొన్ని పెట్టెలకు వ్రేళ్ళతోనే త్రిప్పదగిన పెద్ద తల స్క్రూలుండును. వానికి పనిముట్టే అక్కరలేదు.

ఇక అందరికిని ఆశ్చర్యము కలిగించు సంగతి యొకటి. స్క్రూడ్రైవరు పని మూత తీయుటతో ముగియును. డెస్క్‌టాప్ కంప్యూటరులో మెమరీ పలకకు స్క్రూయే లేదు! అది మదర్‌బోర్డుపై నున్న పొడవైన గాడిలో నిలువుగా కూర్చుండును. దాని చివరలను చిన్న గొళ్ళెములు పట్టియుంచును. కొన్ని బోర్డులలో గొళ్ళెము ఒక ప్రక్కనే యుండును. వానిని వ్రేలితో వెలుపలికి నొక్కినచో పలక వదలివచ్చును. మొనతో పెకలింప బూనినచో బోర్డుపై నున్న సన్నని రాగి గీతలు తెగును. క్రొత్త పలకను గాడిపై తిన్నగా నిలిపి, రెండు చివరలను బొటనవ్రేళ్ళతో సమముగా నొక్కినచో గొళ్ళెములు టక్కుమని మూసికొనును.

పలక కొనుటకు ముందే దాని తరము తెలిసికొనవలెను. డి.డి.ఆర్.3 పలకకు 240 స్పర్శబిందువులును, డి.డి.ఆర్.4, డి.డి.ఆర్.5 పలకలకు 288 చొప్పునను ఉండును. ఒక్కొక్క తరమునకు అడుగు అంచున గంటు వేరొక చోట నుండును. గంటు కలియనిచో పలక దిగదు. దిగనిది బలముచే దిగునని తలచుట నా టెస్టరు తప్పు వంటిదే.

జాగ్రత్తలు మూడు. పని మొదలిడుటకు ముందు కంప్యూటరును ఆపి, తీగను గోడనుండి పూర్తిగా ఊడదీసి, పెట్టె మీట నొకసారి నొక్కి లోపల మిగిలిన విద్యుత్తును పోనీయవలెను. రెండవది, మన దేహమున చేరు స్థిర విద్యుత్తు. అది సుమారు 3,000 వోల్టులకు చేరువరకు చురుక్కుమని మనకు తెలియదు; కాని అంతకు మిక్కిలి తక్కువే మెమరీ చిప్పులను చెరుపగలదు. కావున పెట్టెలోని రంగు లేని లోహభాగమును ముందుగా తాకి, తరువాత పలకను అంచులతో పట్టుకొనవలెను. మూడవది, స్క్రూ లోపల పడినచో దానిని వెదకి తీయక కరెంటు ఇయ్యరాదు. అది రెండు బిందువులను కలిపి బోర్డును కాల్చివేయవచ్చును. అయస్కాంతపు మొన స్క్రూను జారనీయదు. దానివలన మెమరీకి హాని కలుగునని కొందరి భయము. మెమరీలో సమాచారము విద్యుదావేశ రూపమున నుండును గాని అయస్కాంత రూపమున నుండదు. కావున ఆ భయము వలదు.

తిరిగి బిగించునప్పుడు స్క్రూను మొదట వ్రేళ్ళతోనే త్రిప్పి, మరలు సరిగా కలిసిన పిదప మాత్రమే స్క్రూడ్రైవరు వాడవలెను. కదలక నిలిచినంత చాలును, ఇంకను బిగింపరాదు.

చెడిన స్క్రూ సంగతి చెప్పవలెను గదా. మరునాడు ఆ బాలుడు తండ్రి నడిగి 2వ సంఖ్య స్క్రూడ్రైవరును, ఒక కటింగ్ ప్లేయరును తెచ్చెను. గాడి పోయినను స్క్రూ తల వెలుపల ఆరు పలకలుగా ఉండుట వాడు ముందే గమనించియుండెను. దానిని ప్లేయరుతో పట్టి త్రిప్పగా స్క్రూ తేలికగా వచ్చినది. పలకను అమర్చుటకు అయిదు నిమిషములు కూడ పట్టలేదు. మీరు చదువుచున్న ఈ పుటయు ఆ యంత్రముమీదనే కూర్చబడినది.

ఆ గుంటపడిన స్క్రూను పారవేయలేదు. కంప్యూటరు గదిలోని బీరువాలో, క్రొత్తగా కొన్న స్క్రూడ్రైవరు ప్రక్కన ఉంచితిమి. మీలో ఎవరైనను మూత విప్పబోవునప్పుడు ముందుగా దానిని ఒకసారి చేతిలోనికి తీసికొని చూడుడు.