గిటారు మీద గమకం పలకాలంటే ముందు గిటారును సరిచేయించండి

ఈ మధ్య మన ఇళ్లలో వీణ, వయొలిన్‌ల పక్కన ఎలక్ట్రిక్ గిటారు కూడా చేరింది. ఉగాదికో త్యాగరాజ ఆరాధనకో సంఘం వేదిక మీద గిటారుపై కీర్తన వాయిస్తామని ఏటా ఇద్దరు ముగ్గురు పిల్లలు పేర్లు ఇస్తున్నారు. సంతోషమే. అయితే వాళ్ల తల్లిదండ్రులు కార్యదర్శినైన నా దగ్గరికి తెచ్చే ఫిర్యాదు మాత్రం ఒక్కటే: "వీడి వేళ్లు బొబ్బలెక్కుతున్నాయండీ, స్వరం మాత్రం లేవడం లేదు. ఇంకో ఇరవై వేలు పెట్టి మంచిది కొనమంటారా?"

కొనవద్దనే చెబుతాను. ఆఫీసులో గుమాస్తాగిరీ చేసిన రోజుల్లో సాయంత్రాలు పెళ్లి కచేరీల ట్రూపులో గిటారు వాయించేవాణ్ని. ఇప్పుడు పింఛను తీసుకుంటూ సంఘం పిల్లల గిటార్లు చూసిపెడుతుంటాను. నా దగ్గరికి వచ్చే వాటిలో చాలా మటుకు మంచివే. అంగడి నుంచి తెచ్చిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి, అంతే. వీణ కొంటే మెట్లు సరిచేయించకుండా పాఠం మొదలుపెట్టం కదా. గిటారుకు ఆ మర్యాద ఎవరూ ఇవ్వడం లేదు.

నొక్కిన తీగను ఫ్రెట్ మీదే పక్కకు తోసి స్వరాన్ని పైకి ఎత్తడాన్ని బెండ్ అంటారు. అమెరికాలో బ్లూస్ వాయించే నల్లజాతి కళాకారులు దీన్ని గొప్ప భాషగా మలిచారు. ఆల్బర్ట్ కింగ్ అయితే ఎడమచేతి వాటం మనిషి. తీగలు మార్చకుండా గిటారును తిరగేసి పట్టుకుని, తీగలను కిందికి లాగేవాడు. మనకు ఇది కొత్త కాదు. వీణ మీద తీగను పక్కకు లాగి పలికించే గమకం ఇదే. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి గారి వీణ, ఆయన శిష్యులు చిట్టిబాబు గారి వీణ విన్నవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

ఇంకో సంగతి గమనించండి. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించడానికి ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని, జంట తీగలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నారు, ఐదో తీగ చేర్చుకున్నారు. జంట తీగలను కలిపి లాగితే రెండూ ఒకే ఎత్తుకు రావు, అపస్వరం పలుకుతుంది. 1970లలో శక్తి బృందంలో వాయించిన జాన్ మెక్‌లాఫ్లిన్ కూడా ఫ్రెట్ల మధ్య చెక్కను వీణలాగా లోతుగా తొలిపించి గిటారు చేయించుకున్నారు. అంతటివాళ్లే ముందు వాద్యాన్ని దారికి తెచ్చుకున్నారు. పన్నెండేళ్ల పిల్లవాడి వేళ్లను తప్పుపట్టడం న్యాయం కాదు.

తీగ సంగతి ముందు చూద్దాం. స్వరం ఒక ఫ్రెట్ ఎత్తు లేవాలంటే తీగ బిగువు సుమారు 12 శాతం పెరగాలి. రెండు ఫ్రెట్లకు 26 శాతం, మూడింటికి 41, నాలుగింటికి 59. తోడిలో గాంధారం రిషభం నుంచి మధ్యమం దాకా ఊగాలంటే నాలుగు ఫ్రెట్ల దూరం. దాన్నంతా లాగడమంటే వేలికి ఎంత పనో చూడండి. ఈ శాతాలు ఏ తీగకైనా ఒకటే, కానీ మొదటి బిగువు మాత్రం తీగ లావును బట్టి మారుతుంది. 25.5 అంగుళాల పొడవు లెక్కన 10 నంబరు మొదటి తీగ సుమారు 7.3 కిలోల బిగువుతో ఉంటుంది, 9 నంబరు తీగ 5.9 కిలోలతో. పిల్లలకు 9 నంబరు సెట్టే వేయించండి. 'లావు తీగ వేస్తేనే నాదం బాగుంటుంది' అని అంగడివాళ్లు అంటారు. నాదం సంగతి వేళ్లు గట్టిపడ్డాక చూసుకోవచ్చు. ఫెండర్ తరహా గిటారు 25.5 అంగుళాలు, గిబ్సన్ తరహా 24.75 అంగుళాలు. ఒకే తీగ పొట్టి దాని మీద కాస్త మెత్తగా ఉంటుంది. కర్ణాటక సంగీతంలో శ్రుతి మన వీలును బట్టి పెట్టుకునేదే కాబట్టి, అన్ని తీగలనూ ఒక ఫ్రెట్ ఎత్తు దించి కట్టుకున్నా నష్టం లేదు. జిమి హెండ్రిక్స్ కూడా తరచు అలాగే దించి వాయించాడు. మన ఊళ్ల ఉక్కకు, చెమటకు తీగలు తొందరగా తుప్పు పడతాయి. గరుకెక్కిన తీగను మార్చేయండి, దాంతో కుస్తీ వద్దు.

తర్వాత చూడాల్సింది బ్రిడ్జి. ఎక్కువ తంటా ఇక్కడే. స్వరాన్ని వణికించడానికి ఒక కడ్డీ ఉండే బ్రిడ్జిలు వెనక స్ప్రింగుల మీద తేలుతూ ఉంటాయి. ఒక తీగను లాగితే బిగువు పెరిగి బ్రిడ్జి ముందుకు వంగుతుంది. అప్పుడు మిగతా తీగలన్నీ శ్రుతి దిగిపోతాయి. లాగిన తీగ కూడా అందాల్సిన చోటికి అందదు, పిల్లవాడు ఇంకా తోస్తాడు. పరీక్ష చాలా తేలిక. ఒక తీగను లాగుతూ పక్క తీగను ఊరికే మీటండి. దాని స్వరం జారితే బ్రిడ్జి కదులుతోందన్నమాట. గిటారు వెనక మూత విప్పితే స్ప్రింగులను పట్టి ఉంచే రెండు పొడవాటి మరలు కనిపిస్తాయి. బ్రిడ్జి చెక్కకు ఆనుకునేదాకా వాటిని అర చుట్టు చొప్పున బిగించాలి, చాలకపోతే ఒకటి రెండు స్ప్రింగులు అదనంగా వేయాలి. తీగలను తాళం వేసి పట్టే రకం బ్రిడ్జి అయితే లోపల చెక్కముక్క కొలిచి ఇరికించాలి. అది మరమ్మతుదారు చేతికే వదలండి. కడ్డీ ఆట పోతుందని పిల్లలు గొణుగుతారు. కీర్తనకు ఆ కడ్డీతో పని లేదు.

బ్రిడ్జి ముందు, మిగతావి తర్వాత అనడానికి కారణం ఉంది. బ్రిడ్జి కదిలితే తీగల ఎత్తు మారిపోతుంది, చేసిన పనే మళ్లీ చేయాల్సి వస్తుంది.

ఇక మెడ. మొదటి ఫ్రెట్‌నూ చివరి ఫ్రెట్‌నూ నొక్కి పట్టుకుంటే, మధ్యలో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగ కింద సుమారు 0.25 మిల్లీమీటర్ల సందు ఉండాలి. టూవీలర్ మెకానిక్ ట్యాపెట్లు సరిచేసే ఫీలర్ గేజ్ ఉంటుంది చూడండి, దాంతో కొలవచ్చు. సందు ఎక్కువైతే మెడ లోపలి కడ్డీని ఆలెన్ కీతో కుడివైపు పావు చుట్టు తిప్పి, శ్రుతి చేసి, మళ్లీ కొలవాలి. గట్టిగా ఉంటే బలవంతం చేయొద్దు. అది విరిగితే మెడే పోతుంది.

తీగల ఎత్తు విషయంలో పిల్లలు వినే సలహాలన్నీ 'ఎంత కిందికి ఉంటే అంత మంచిది' అనేవే. వేగంగా వాయించడానికి అది సరే కానీ లాగడానికి కాదు. గిటారు పలక పైకి చూడడానికి చదునుగా కనిపించినా పెంకులా వంపు తిరిగి ఉంటుంది. మొదటి తీగ ఆ వంపు అంచున ఉంటుంది. దాన్ని మధ్యకు తోస్తే గూనెక్కుతుంది, ముందున్న ఫ్రెట్లకు తగులుతుంది, స్వరం పీక నొక్కినట్టు ఆగిపోతుంది. పన్నెండో ఫ్రెట్ దాటాక ఇది బాగా తెలుస్తుంది. పాత ఫెండర్ పద్ధతి గిటార్లలో ఈ వంపు వ్యాసార్ధం 7.25 అంగుళాలు, ఇప్పటివాటిలో 9.5, గిబ్సన్‌లో 12. అంకె పెరిగేకొద్దీ పలక చదును. వీణ మెట్లు తిన్నగా, ఎత్తుగా ఉంటాయి కనుక వీణకు ఈ బాధ లేదు. పన్నెండో ఫ్రెట్ తల మీద నుంచి తీగ అడుగు దాకా కొలిస్తే మొదటి తీగకు 1.6 మిల్లీమీటర్లు, ఆరో తీగకు 2 ఉంటే చాలామందికి సరిపోతుంది. వంపు ఎక్కువున్న పలక అయితే మొదటి తీగను 1.8 దాకా ఎత్తండి. మరీ కిందికి ఉంటే ఇంకో ఇబ్బంది కూడా ఉంది. వేలికి తీగ పట్టు దొరకదు, పక్క తీగలు గోరు మీదికి ఎక్కుతాయి.

లాగి వదిలాక తీగ తన స్వరానికి తిరిగి రావాలి. రాకుండా కొంచెం దిగి ఉండిపోతే, మెడ చివర నట్ గాడిలో తీగ ఇరుక్కుందని అనుమానించాలి. నట్‌కూ బిరడాకూ మధ్య తీగను వేలితో నొక్కి వదలండి. శ్రుతి మళ్లీ పైకి వస్తే దోషం అక్కడే ఉంది. శ్రుతి చేసేటప్పుడు టిక్కుమని చప్పుడు రావడం కూడా ఇదే గుర్తు. గాడిలో పెన్సిలు ముల్లు అరగదీసి పొడి పట్టించండి. తీరకపోతే గాడిని ఆకురాయితో సరిచేయించాలి. కొత్త తీగలు వేసిన రోజు ఒక్కొక్కదాన్నీ మెల్లగా పైకి లాగి సాగదీసి, రెండు మూడుసార్లు శ్రుతి చేయడం మరవకండి. లేకపోతే నట్‌ను ఊరికే అనుమానిస్తారు.

ఫ్రెట్లు గరగరమంటుంటే, చెక్క మీద టేపు అంటించి 2000 నంబరు వాటర్ పేపరుతో రుద్దితే నున్నబడతాయి. స్టీల్ ఉన్ని వాడేవాళ్లు పికప్‌లను కూడా మూయాలి. అయస్కాంతం ఆ పొడినంతా లాక్కుంటుంది.

అన్నీ అయ్యాక పన్నెండో ఫ్రెట్ నొక్కి పలికించిన స్వరాన్నీ, అదే చోట వేలు ఊరికే ఆనించి పలికించిన స్వరాన్నీ ఫోనులోని ట్యూనర్‌తో పోల్చండి. నొక్కిన స్వరం ఎక్కువుంటే శాడిల్‌ను వెనక్కి, తక్కువుంటే ముందుకు జరపాలి.

ఇక పిల్లవాడికి గిటారు ఇచ్చి, మూడో తీగ ఏడో ఫ్రెట్ నొక్కమనండి. ముందు తొమ్మిదో ఫ్రెట్ పలికించి ఆ స్వరాన్ని చెవిలో పెట్టుకోమనండి. తర్వాత ఏడు మీద ఉంగరం వేలు పెట్టి, వెనక రెండు వేళ్లు తోడుగా ఉంచి, వేళ్లతో కాక మణికట్టు తిప్పి తోయమనండి. తొమ్మిదో ఫ్రెట్ స్వరానికి సరిగ్గా వచ్చి ఆగితే ఆరాధన జాబితాలో పేరు రాయించవచ్చు. రాకపోతే ఆదివారం తెలుగు తరగతి అయ్యాక గిటారు తీసుకుని సంఘం కార్యాలయానికి రండి. ఫీలర్ గేజ్, ఆలెన్ కీలు నా దగ్గర ఉన్నాయి. కొత్త తీగలు మాత్రం మీరే తెచ్చుకోవాలి.