పేరుకు కాపలా

ఢిల్లీ ఇండియా గేటును ఫొటోల్లో మాత్రమే చూసినవాళ్లకు అదొక పెద్ద ద్వారం, అంతే. దగ్గరికి వెళ్లి చూస్తే రాతి మీద వరసలు వరసలుగా పేర్లు కనిపిస్తాయి, 13,000కు పైగా. మొదటి ప్రపంచయుద్ధంలోనూ 1919 నాటి అఫ్గాన్ యుద్ధంలోనూ ప్రాణాలు పోగొట్టుకున్న 70,000 మందికి పైగా భారతీయ సైనికుల గుర్తుగా దాన్ని కట్టారు. 1921లో పునాది పడింది, 1931లో ఆవిష్కరణ జరిగింది. మరి మిగతావాళ్ల పేర్లు ఏమయ్యాయి? గేటు మీద చెక్కినవి ఎక్కువగా వాయవ్య సరిహద్దులోనూ అఫ్గాన్ పోరులోనూ పోయినవాళ్లవి. ఫ్రాన్సులో పోయినవాళ్లవి ఫ్రాన్సులోనే ఉన్నాయి. ఇరాక్‌లో పోయినవాళ్ల సంగతి కాస్త చేదుగా ఉంటుంది, దాని గురించి తర్వాత చెబుతాను.

యుద్ధంలో పోయిన మామూలు సిపాయి పేరు రాయాలన్న ఆలోచన యూరప్‌లో పాతదేమీ కాదు. వందల ఏళ్ల పాటు అక్కడ విగ్రహాలు రాజులకూ సేనానులకూ లేచాయి, సిపాయిలను ఒకే గోతిలో పూడ్చిపెట్టారు. 1914లో రెడ్‌క్రాస్ తరఫున ఫ్రాన్సు యుద్ధరంగానికి వెళ్లిన ఫేబియన్ వేర్ అనే ఆంగ్లేయుడు, ఎవరిని ఎక్కడ పూడ్చారో రాసిపెట్టే నాథుడే లేడని గమనించి ఆ పని తనే మొదలుపెట్టాడు. 1917లో అది ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ అయింది. ఇప్పుడు దాని పేరు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్. అది పెట్టుకున్న నియమాలు ఆ రోజులకు సాహసమే. చనిపోయిన ప్రతి ఒక్కరి పేరూ సమాధిరాయి మీదో స్మారకం మీదో ఉండాలి. జనరల్ రాయీ సిపాయి రాయీ ఒకే కొలతలో ఉండాలి. హోదా, జాతి, మతం చూడకూడదు. డబ్బున్న కుటుంబాలు తమవాడి శవాన్ని ఇంటికి తెచ్చుకుంటామన్నా ఒప్పుకోలేదు. ఒకరు తెచ్చుకోగలిగి మరొకరు తెచ్చుకోలేకపోతే ఆ సమానత్వానికి అర్థం ఉండదని వాళ్ల వాదన.

కాగితం మీద నియమం బాగానే ఉంది. ఫ్రాన్సులోని నవ్ షాపెల్ స్మారకంలో 4,700 మందికి పైగా భారతీయుల పేర్లున్నాయి. 1915 మార్చిలో అక్కడ జరిగిన పోరులో మన సైనికులు పెద్ద సంఖ్యలో నేలకొరిగారు. ఇంగ్లండులో బ్రైటన్ ఆస్పత్రుల్లో చనిపోయిన హిందూ, సిక్కు సైనికులు 53 మందిని ఊరి వెలుపలి కొండ మీద దహనం చేశారు. ఆ చోట ఛత్రీ అనే పాలరాతి మండపం 1921లో లేచింది. అయితే ఆ 53 మంది పేర్లు దాని పక్కకు చేరడానికి 2010 దాకా పట్టింది.

ఇక ఇరాక్. బస్రా స్మారకం మీద అధికారుల పేర్లు చెక్కారు. భారతీయ సిపాయిలను మాత్రం రెజిమెంటు కింద ఇంతమంది అని అంకెల్లో సరిపెట్టారు. ఆఫ్రికాలో అన్యాయం ఇంకా ఎక్కువ. రాతి మీద పేరు చెక్కినా ఈ జనానికి అర్థం కాదు అని కొందరు వలస అధికారులు తేల్చేశారు. అర్థం కాదని వాళ్లకు ఎవరు చెప్పారో! ఏప్రిల్ 2021లో కమిషన్ తన మీద తనే వేయించుకున్న విచారణ నివేదిక బయటపెట్టి క్షమాపణ చెప్పింది. కనీసం 1,16,000 మందిని, బహుశా అంతకు చాలా ఎక్కువ మందిని, పేరుతో గుర్తుచేసుకోలేదని, కొందరినైతే అసలు గుర్తుచేసుకోనేలేదని ఒప్పుకుంది. వాళ్లలో ఎక్కువమంది తూర్పు ఆఫ్రికా, ఈజిప్టు వాళ్లు.

మామూలు మనిషికి రాయి నిలపడం మన పల్లెలకు మాత్రం కొత్త కాదు. చిత్తూరు, కడప ప్రాంతాల్లో పొలాల గట్ల మీద, చెరువు కట్టల పక్కన వీరగల్లులు కనిపిస్తాయి. వెయ్యేళ్ల కిందటివీ, అంతకు ముందువీ ఉన్నాయి. చాలావాటి అమరిక ఒకటే. కింది అరలో పోరు, మధ్య అరలో వీరుడిని పైకి తీసుకెళ్తున్న అప్సరసలు, పై అరలో శివలింగం ముందు కూర్చున్న వీరుడు, అంచున సూర్యచంద్రులు. ఆ ఇద్దరూ ఉన్నంతకాలం ఈ పేరు ఉండాలని దాని భావం. శాసనం ఉంటే అందులో ఫలానా ఊరివాడు, ఫలానా పోరులో పడ్డాడు అని ఉంటుంది. ఆ పోరు రాజుల యుద్ధమే కానక్కర్లేదు, ఊరి ఆవులను తోలుకుపోతున్న దొంగలకు అడ్డుపడి చచ్చిపోయినవాడికీ రాయి దక్కింది. కొన్నిచోట్ల అతని కుటుంబానికి మాన్యం రాసిచ్చారు. ఇప్పుడు ఆ అక్షరాలు చదవగలిగేవాళ్లు ఊళ్లో ఉండరు. రాయికి పసుపు పూసి, బొట్టు పెట్టి ఏదో ఒక దేవుడి పేరుతో మొక్కుతుంటారు. పూజ దక్కింది కానీ పేరు పోయింది. నాకు దీనికంటే బస్రా అంకెలు మరీ భిన్నంగా కనిపించవు.

రాయి ఎంత గట్టిదైనా దాని దగ్గరికి రావలసిన బాధ్యత ఎవరో ఒకరి మీద ఉంటేనే పేరు నిలుస్తుంది. దానికి పల్నాడులోని కారెంపూడి కంటే మంచి సాక్ష్యం నాకు తెలియదు. 12వ శతాబ్దంలో నాగులేరు ఒడ్డున జరిగిన పల్నాటి యుద్ధంలో పడ్డవాళ్ల కోసం ఏటా కార్తీక అమావాస్య నుంచి అక్కడ ఐదు రోజుల ఉత్సవం జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఒక్కో రోజుకూ ఒక్కో పేరు, కథలో ఘట్టాల వరసనే. వీరాచారం పాటించే కుటుంబాలు తమ ఇంట భద్రంగా దాచుకున్న కొణతాలను, అంటే తమ వీరుడి ఆయుధాలను, మోసుకొచ్చి నాగులేటిలో స్నానం చేయించి వీరుల గుడికి తెస్తారు. వీరవిద్యావంతులు కథ పాడతారు. మందపోరు నాడు చాపకూడు ఉంటుంది. పల్నాటి వీరుల నాయకుడు బ్రహ్మనాయుడు కులాలన్నిటినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి పెట్టించిన అన్నానికి అది గుర్తు. ఇక్కడ గమనించాల్సింది, గుర్తుపెట్టుకునే పని ప్రభుత్వానిది కాదు, ఊరందరిదీ కాదు, ఫలానా ఇంటిది. ఫలానా వీరుడి ఆయుధం ఫలానా ఇంట్లో ఉంటుంది. ఆ ఇంటివాళ్లు రాకపోతే ఆ లోటు అందరికీ తెలుస్తుంది. ఎనిమిది వందల ఏళ్ల పాటు ఆ పేర్లు నిలిచాయంటే అందుకే.

బెల్జియంలో ఈప్ర్ పట్టణంవాళ్లు చేసేదీ ఒక రకంగా ఇదే. అక్కడి మెనిన్ గేటు మీద ఆచూకీ దొరకని 54,000 మందికి పైగా సైనికుల పేర్లున్నాయి, వాళ్లలో భారతీయులూ ఉన్నారు. 1928లో మొదలైన ఆచారం ప్రకారం రోజూ రాత్రి 8 గంటలకు అక్కడ లాస్ట్ పోస్ట్ అనే బాకా పాట ఊదుతారు. ఊదేవాళ్లు స్థానికులే, మొదట్లో అగ్నిమాపక దళంవాళ్లు. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ల చేతిలో ఉన్న నాలుగేళ్లు తప్ప ఆ పాట ఆగలేదు.

స్వతంత్ర భారతంలో సైనికుడిని గుర్తుపెట్టుకునే తీరు ఎలా మారిందో చూడాలంటే శవం ఎక్కడికి చేరిందో చూడాలి. 1962 చైనా యుద్ధంలో, నవంబర్ 18న లడఖ్‌లోని రెజాంగ్ లా దగ్గర 13 కుమావ్ బెటాలియన్‌కు చెందిన ఒక కంపెనీలో 114 మంది చనిపోయారు. మంచు కింద గడ్డకట్టిన శవాలు నెలల తర్వాత బయటపడ్డాయి. కంపెనీ కమాండర్ మేజర్ షైతాన్ సింగ్ భౌతికకాయాన్ని విమానంలో జోధ్‌పూర్‌కు పంపారు, జవాన్లకు అక్కడే చితి పేర్చారు. 1965లో, 1971లో కూడా చాలామంది జవాన్ల ఇళ్లకు చేరింది టెలిగ్రామే. 1999 కార్గిల్ యుద్ధంలో 527 మంది ప్రాణాలిచ్చారు. అప్పుడే ప్రతి జవాన్ భౌతికకాయాన్నీ సొంతూరికి పంపడం మామూలైంది. అప్పటిదాకా రేడియోలో విన్న యుద్ధం ఊరి బస్టాండుకు వచ్చింది.

ఆ అంత్యక్రియల్లో మనం టీవీలో చూసే ప్రతి పనికీ ఒక నియమం ఉంది. శవపేటిక మీద జెండా కప్పినప్పుడు కాషాయరంగు తల వైపుండాలి. జెండాను చితిలో కాల్చకూడదు, గోతిలో దించకూడదు. అందుకే చివర్లో దాన్ని తీసి మడిచి భార్యకో తల్లికో అందిస్తారు. తుపాకీ గొట్టాన్ని నేలకు దించి తలవంచి నిలబడే భంగిమను శోక్ శస్త్ర్ అంటారు. తర్వాత గాల్లోకి కాల్పులు, చివర లాస్ట్ పోస్ట్.

ఆ తర్వాత విగ్రహం లేస్తుంది. గాల్వన్‌లో 2020 జూన్ 15న అమరుడైన కల్నల్ సంతోష్‌బాబు విగ్రహాన్ని సరిగ్గా ఏడాదికి సూర్యాపేటలో పెట్టారు. ఊళ్లలో ఇలాంటివి చాలా ఉన్నాయి. కొన్నింటి శిలాఫలకం మీద సైనికుడి పేరు వెతుక్కోవాలి, ఆవిష్కరించిన నాయకుల పేర్లు మాత్రం దూరానికే కనిపిస్తాయి. ఏడాది తిరిగాక దండ వేసేది ఎవరన్నది అప్పుడు ఎవరూ తేల్చుకోరు.

సైన్యంలో కొందరు జవాన్లు ఈ ప్రశ్నను తమ పద్ధతిలో తేల్చుకున్నారు. అరుణాచల్‌లోని జస్వంత్‌గఢ్‌లో 1962 యుద్ధంలో పోయిన రైఫిల్‌మన్ జస్వంత్ సింగ్ రావత్ కోసం ఇప్పటికీ పక్క వేస్తారు, టీ పెడతారు, బూట్లు తుడుస్తారు. ఆ పని అక్కడ కాపలా ఉండే జవాన్ల విధుల్లో భాగం. హేతువాదులు నవ్వవచ్చు. కారెంపూడి చూసినవాళ్లకు మాత్రం ఇందులో వింతేమీ కనిపించదు.

ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం కూడా ఈ కిటుకును పట్టుకుంది. 1947 తర్వాత పోయినవాళ్ల కోసం కట్టింది అది. ప్రారంభం నాటికి 25,942 పేర్లు గ్రానైట్ పలకల మీద ఉన్నాయి, ఒక్కో మనిషికి ఒక్కో పలక. ఇండియా గేటు కింద 1972 నుంచి వెలిగిన అమర్ జవాన్ జ్యోతిని 2022 జనవరిలో ఇక్కడి జ్యోతిలో కలిపారు. దాని మీద వాదాలు నడిచాయి. నాకైతే జ్యోతి ఎక్కడ వెలుగుతోందన్నది చిన్న విషయం. సాయంత్రం పూట ఒక అమరుడి కుటుంబసభ్యుల చేత అక్కడ పుష్పగుచ్ఛం పెట్టించే ఏర్పాటు పెద్ద విషయం.

పేరుకు కాపలా ఉండే ఈ పని మన ఇళ్లలోనూ మొదలుపెట్టవచ్చు. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరం అంటారు. ప్రపంచయుద్ధాల నాటి నుంచీ తరతరాలుగా సైన్యానికి మనుషులను పంపుతున్న ఊరది. అలాంటి ఊళ్లలో ‘మా ముత్తాత పెద్ద యుద్ధానికి పోయి తిరిగి రాలేదు’ అనే ఇళ్లు ఉంటాయి. అటువంటి ఇంటివాళ్లు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో డబ్బు కట్టకుండానే పేరు వెతుక్కోవచ్చు. మన పేర్లను అప్పటి గుమాస్తాలు చెవికి తోచినట్టు ఇంగ్లీషులో రాశారు కాబట్టి ఒక్క స్పెల్లింగుతో ఆగకూడదు. ఇంటిపేరు విడిచి ఒంటి పేరుతోనూ చూడాలి. రెజిమెంటు తెలిస్తే పని సులువవుతుంది. చాలా నమోదుల్లో తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా ఉంటాయి. జిల్లాను మాత్రం అప్పటి పేరుతో వెతకాలి, విశాఖపట్నాన్ని వైజాగపటం అని రాసిన రోజులవి. నమోదులో తప్పుంటే పాత పెన్షను కాగితమో, డిశ్చార్జి పత్రమో, మరో ఆధారమో జతచేసి కమిషన్‌కు రాయవచ్చు. వాళ్లు పరిశీలించి దిద్దుతారు.